కుంటలో దిగిన హరివిల్లు

గుట్ట కింది కుంట గట్టున మనుషులు నీళ్లు తోడే ఇంజను పెట్టారు. దాన్నుంచి బొట్టు బొట్టుగా నూనె కారి, నీళ్లమీద రంగురంగులుగా పరుచుకుంది.

పొట్టనిండా గుడ్లున్న కప్ప ఆ రంగులు చూసి మురిసిపోయింది.

"తాబేలు తాతా! హరివిల్లు మన కుంటలోకే దిగొచ్చింది. నా పిల్లలు అందులోనే పుట్టాలి."

"వద్దమ్మా," అంది తాబేలు. "నిన్నటిదాకా నీళ్లమీద పరుగులు తీసిన పురుగు ఇవాళ అక్కడే మునిగిపోయింది. పురుగునే మోయలేని నీళ్లు నీ గుడ్లనేం మోస్తాయి? అవతలి ఒడ్డున బురదనీళ్లున్నాయి, అక్కడ పెట్టుకో."

కప్పకు కోపమొచ్చింది. "బురదలో పుట్టాను, బురదలో బతికాను. నా పిల్లలకూ అదే రాతా?"

రంగుల నడుమే గుడ్లు పెట్టి కాపలా కూర్చుంది.

బురదనీళ్లలో తక్కిన కప్పల పిల్లలు తోకలాడిస్తూ ఈదసాగాయి. రంగుల్లోని గుడ్లు మాత్రం తెల్లబడి, ఒక్కొక్కటే అడుక్కి జారిపోయాయి.

"నిద్రపోతున్నారు తాతా, లేస్తారు," అంది కప్ప. తాబేలు దాని పక్కనే కూర్చుండిపోయింది.

కొన్నాళ్లకు వాన కురిసి వెలిసింది. గుట్టమీద నిజం హరివిల్లు పొడిచింది. తోకలూడిన కప్పపిల్లలన్నీ గట్టుమీద గెంతుతూ, "దిగిరా, దిగిరా!" అని కేకలేశాయి.

వాటి వెనకనుంచి ఆ తల్లికప్ప ఆకాశంకేసి తలెత్తింది.

"నీకు దణ్ణం పెడతాను, రాకమ్మా. ఇక్కడింకా పిల్లలున్నారు."