మైకుకి అందని మాట

ఫొటోల కోసం నన్నూ బాక్సింగ్ ఛాంపియన్‌నీ ముక్కూ ముక్కూ తగిలేలా నిలబెట్టారు. మా ఇద్దరి పోటీకి సంతకాలు కావలసిన ఒప్పందం వెనక బల్లమీద ఉంది.

"ఒరేయ్ ముసలోడా! నీకు ఒక్క రౌండు చాలురా. మీ ఆవిణ్ణి దుప్పటి తెచ్చుకోమను, నిన్ను మూటగట్టి పంపిస్తా!" అని అరిచాడు ఛాంపియన్.

విలేకరులు విరగబడి నవ్వారు. నేను మొహంమీద పడ్డ తుంపర్లు తుడుచుకున్నాను.

వాడు నుదురు తెచ్చి నా నుదుటికి ఆనించాడు. పళ్ళు కొరుకుతున్నాడనుకుని కెమెరాలు ఎగబడ్డాయి. వాడు మాత్రం నాకొక్కడికే వినపడేలా గొణిగాడు.

"అన్నా, నేను ఓడిపోతే మీరు మళ్ళీ నాతోనే ఆడాలన్న షరతుంది కదా, దాన్ని మీ లాయరు కొట్టేయమంటున్నాడట. ఉండనివ్వండన్నా, మీకు పుణ్యముంటుంది."

"ఏమన్నాడు సార్? బెదిరించాడా?" అంటూ ఒక విలేకరి మైకు చాపాడు.

ఛాంపియన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. నేను మైకు అందుకుని వాడి బుగ్గ తట్టాను.

"ఆ షరతు ఉంచుతాలే తమ్ముడూ, ఏడవకు. ఆ దుప్పటేదో నువ్వే తెచ్చుకో. రెండుసార్లు పనికొస్తుంది."