కడుపు చూసే పీట

ఆ ఏడు ప్రతి బడి గుమ్మంలోనూ కడుపు చూసే పీట వేశారు. బిడ్డ ఎక్కి నిలబడితే చాలు, లోపల నులిపురుగులు ఎన్నేళ్లు బతికాయో, అవి తాగిన నెత్తురుకు బుర్ర ఎంత ఎదగకుండా పోయిందో గోడ మీది తెర చెప్పేస్తుంది.

అప్పలకొండ మనవరాలు నీలవేణి జీడితోటల్లో ఉత్త కాళ్లతో తిరిగిన పిల్ల. తెర చూసి మాస్టారు పెదవి విరిచాడు.

"మందు వేస్తే పురుగులు పోతాయి గానీ, దీనికి చదువు రాదు మామ్మా. బుట్టలల్లే గదికి పంపించు."

"అలాగా! మరి నా కడుపూ సూడమను బాబూ."

"ఈ వయసులో నీకెందుకే?"

అప్పలకొండ అప్పటికే చెప్పులు విడిచి పీట ఎక్కేసింది. తెర వెలిగింది. ఆమె వేలు చాపి, వరసలో ఉన్న తల్లులందరికీ వినపడేలా కూడబలుక్కుని చదివింది.

"చిన్నతనమంతా... పురుగులు. ఈమెకు... చదవడం... ఎప్పటికీ... రాదు."

తల్లులు గొల్లున నవ్వారు. మాస్టారు తెరను, ఆమెను మార్చి మార్చి చూశాడు.

"యాభై దాటేక నేర్సుకున్నాను బాబూ. నీ పీటకి ఎవులూ సెప్పనేదు కావాల."

ఆయన జవాబు కోసం ఆగకుండా అప్పలకొండ పిల్ల చెయ్యి పట్టుకుని ఒకటో తరగతి గదిలోకి నడిచింది.