లినక్స్ ఎక్కించే మనిషి

“ఎవరు?” గేటు గొళ్లెం తీయకుండానే అడిగింది రోజారాణి.

“కంప్యూటరు మనిషిని మేడం. లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించనీకి వచ్చిన.”

ఆ మాటతో గొళ్లెం తీసింది. ఎవరు పిలిచినా గేటు తీయదని చండ్రుగొండలోని ఆ వీధిలో ఆమెకు పేరు. కంప్యూటరు మాట వేరు. ఒకప్పుడు ఇంట్లోనే డీటీపీ చేసి సగం మండలానికి దరఖాస్తులు కొట్టిచ్చిన మనిషి.

“రా అన్నా. జల్దీ కావాలె. మా ఆయన బొగ్గు బాయికి పోయిండు, ఫస్ట్ షిఫ్టు. నాలుగింటికల్లా వస్తడు. గప్పటికి ఇది నడవాలె.”

“నడుస్తది.”

అతనికి అరవై దాటి ఉంటాయి. సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. దేని తర్వాత ఏది నొక్కాలో పెన్సిలుతో రాసుకున్న కాగితం పక్కన పెట్టుకున్నాడు గానీ, ఒక్కసారి కూడా దానివైపు చూడలేదు.

తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. ఆమె చదివి ఆగింది.

“ఉన్నదంతా చెరిపెయ్యాల్నా అని అడుగుతుందేంది?”

“చెరిపితేనే మళ్ల ఎక్కుతది మేడం.”

“మరి ముందటిదేదీ దీనికి యాదికుండదా?”

“ఉండదు.”

“పాపం,” అంది.

అతను ఆ బటన్ నొక్కడానికి కాస్త ఆలస్యం చేశాడు.

నీలం గీత మెల్లగా పాకుతుంటే ఆమె చాయ్ తెచ్చింది. అందులో చక్కెర లేదు.

“నాకు షుగరని మీకెట్ల తెల్సు?”

“ఏమో అన్నా, అలవాటుగ చేసిన.” నవ్వింది. “ఇంత వయసుల ఇల్లిల్లు తిరుగుడేంది? ఇంట్ల ఎవరు లేరా?”

“నా భార్య ఉన్నది. నన్ను పలకరియ్యది.”

“అలిగిందా?”

“ఏమో మేడం. ఇద్దరం ఉన్నా ఒక్కన్నే ఉన్నట్టుంటది.”

“నువ్వే పలకరియ్యి. పొద్దుగాల ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎప్పుడో అప్పుడు పలుకుతది.”

“గదే చేస్తున్న,” అన్నాడు. ఏడుపు ఆపుకోవడానికి చాయ్ గబగబా తాగాడు. నోరు కాలింది.

తెర మీద కంప్యూటరు వాడేవాళ్ల పేరు అడిగింది. ఆమె తన పేరు కొట్టింది. పాస్‌వర్డ్ దగ్గరికి రాగానే అతను మర్యాదగా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“యాదికుండేది పెట్టుకోండ్రి.”

“మా ఆయన పేరు పెట్టిన. ఏది మర్చిపోయినా అది మర్చిపోను.”

అతను చాలాసేపు ఇటు తిరగలేదు.

మూడున్నరకు కంప్యూటరు లేచింది. రోజారాణి కీబోర్డు మీద రెండు లైన్లు టకటకా కొట్టి చూసుకుని మురిసిపోయింది.

“ఆయన చూస్తే మస్తు ఖుషీ అయితడు. నువ్వు కూడ ఉండరాదన్నా, కలిసి పోదువు.”

“వద్దు మేడం. ఆయన వచ్చే యాళ్లయింది.”

వీధి చివర బస్టాపులో కూర్చున్నాడు. రెండు బస్సులు వచ్చి పోయాయి. అతను ఎక్కలేదు. రోజంతా ఎలాగో గడుస్తుంది గానీ, ఈ అరగంటంటేనే అతనికి భయం.

నాలుగు కాగానే గళ్ల చొక్కా మీద పాత ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. పెన్‌డ్రైవ్ సంచి అడుగుకు తోసి, సొట్టలు పడ్డ టిఫిను డబ్బా తీసి చేత పట్టుకున్నాడు. వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

అదే గేటు ముందు నిలబడి, “రోజా, డ్యూటీ దిగిన,” అన్నాడు.