వడ్లగింజ ఎత్తు

ఇందిరమ్మ కంసాలి వసారా మెట్లు దిగుతూ చిన్న పొట్లాన్ని కొంగున ముడి వేసుకుంది.

ఎదురుగా సైకిలు మీద వస్తున్న పద్మనాభయ్య కంట అది పడనే పడింది.

ఆమె అతని అన్న భార్య. అన్న పోయి ఏడేళ్లు. అప్పటినుంచీ ఆమె మంచీచెడ్డా చూస్తున్నది అతనే.

"ఏం వదినా, ఆచారితో ఏం పని?"

"ఏం లేదు నాయనా. కమ్మ శీల వదులైతేనూ..." అంటూనే ఆమె గబగబా వెళ్లిపోయింది.

పోయిన శుక్రవారమూ కమ్మ శీలే. ఆ ముందు శుక్రవారమూ అదే. రెండు కమ్మలకు ఎన్ని శీలలుంటాయి?

ఓబయ్య ఆచారి బోగోలుకు కొత్త, వచ్చి ఏడాది కాలేదు. మేలిమి బంగారం నగలు చెయ్యకూడదని సర్కారు కంట్రోలు పెట్టి రెండేళ్లయింది. కంసాలి కుంపట్లన్నీ చల్లారాయి. అతను హజరత్తయ్య వసారా అద్దెకు తీసుకుని, వెండి మట్టెలూ మొలతాళ్లూ చేసుకుంటున్నాడు.

ఆ పూట నుంచి భోజనాల దగ్గర పద్మనాభయ్య చూపంతా వదిన మెడలోని గొలుసు మీదే. చూసేకొద్దీ అది సన్నబడుతున్నట్టే తోచింది.

"వదిన గొలుసు అరిగినట్టు లేదూ?" అని భార్యను అడిగాడు.

"అరిగింది మీ చూపు," అంది వెంకటశేషమ్మ. "అక్క ఈ మధ్య తెల్లారకముందే లేచి కళ్లాపి చల్లతా ఉండాది. అది కనపడలేదా మీకు?"

నిజమే. భర్త పోయిన దిగులుతో గుండెదడకని మొదలుపెట్టిన మాత్రలు ఏడేళ్లుగా ఆమెను వదల్లేదు. వేసుకుంటే మత్తు, మానితే వణుకు. మూడేళ్ల కిందట "ఈ మత్తేంది, మానెయ్" అని పద్మనాభయ్యే డబ్బీ దాచేశాడు. మూడో రోజు ఆమెకు ఫిట్సు వచ్చి, నాలుక కరుచుకుంది. అప్పటినుంచి అతనికి ఆ డబ్బీ ఖాళీ అవుతుందంటేనే హడలు. నెలనెలా నెల్లూరు పోయి తనే తెచ్చిపెడుతున్నాడు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. మళ్లీ పొట్లం.

శనివారం పొద్దున్నే పద్మనాభయ్య వసారా ఎక్కాడు.

"ఆచారీ, మా వదిన పొట్లాల్లో ఏముండాది?"

ఆచారి త్రాసు కింద పెట్టాడు.

"ఆమెనే అడగండయ్యా."

"నిన్నడుగుతుండా. గొలుసు అరగదీస్తుండావా?"

"నేను బంగారం తాకి రెండేళ్లయింది."

"మరి త్రాసులో తూచేదేంది, గాలా?"

వీధిలో చేరినవాళ్లు పకపకా నవ్వారు.

"చెప్పొద్దని ఆమె మాట తీసుకుంది. నేను చెప్పను," అన్నాడు ఆచారి తల వంచుకునే.

"అయితే సోమవారానికి ఖాళీ చెయ్. లేదంటే బంగారం ఆఫీసరుకు చెప్పుకుందువు!"

మంగళవారం మధ్యాహ్నం అన్నంలో పప్పు కలుపుకుంటూ పద్మనాభయ్య గర్వంగా చెప్పాడు.

"ఆ కంసాలిని సాగనంపినా వదినా. ఇంక నీ గొలుసుకు భయం లేదు."

ఇందిరమ్మ గరిటె కింద పెట్టేసింది.

"ఎంత పని చేసినావు నాయనా!"

లోపలికి పోయి ఒక పొట్లం తెచ్చి అతని ముందు విప్పింది. చిటికెడు తెల్లపొడి.

"ఇదేంది, ముగ్గుపిండా?"

"నా మాత్రలు. నూరి తూచినవి."

"మాత్రలు తూచేదేంది?"

"చుట్టాల పెళ్లికి నెల్లూరు పోయినప్పుడు డాక్టరును అడిగినా, ఈ మత్తు ఎట్ట వదలాలని. ఒక్కసారిగా మానకూడదంట. రెండు వారాలకోసారి రవ్వంత తగ్గించి, వణుకొస్తే అక్కడే ఆగాలంట. మాత్ర విరిస్తే సమంగా విరగదు గదా. వడ్లగింజ ఎత్తు తగ్గించాలంటే కంసాలి త్రాసే కావాలని, డాక్టరే ఈయన దగ్గరికి పంపినాడు. ఇప్పటికి మూడో వంతుకు దిగినా."

"నాకు చెప్పొద్దా?"

"చెబితే మాననిస్తావా? డబ్బీ మాటెత్తితే నాకంటే ముందు నీకు వణుకు!"

పద్మనాభయ్య కంచం పక్కకు జరిపాడు.

"ఇంకెన్ని పొట్లాలుండాయి?"

"మూడు. రోజుకొకటి."

మూడో రోజు సంగతి గుర్తొచ్చి, ఎంగిలి చెయ్యి కడుక్కుని సైకిలెక్కాడు.

వసారా ఊడ్చి ఉంది. కుంపటి లేదు, త్రాసు లేదు. హజరత్తయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నిన్ననే బిట్రగుంటలో బండెక్కినాడు. యాడికో చెప్పలేదు. ఇది మీ వదినకిమ్మన్నాడు."

బిస్కెట్ల డబ్బా. లోపల పొట్లాల కట్టలు. వారానికొక కట్ట, దారంతో కట్టి, పైన వరస తెలిసేలా బొగ్గుతో గీతలు. చదువురాని ఇందిరమ్మ కూడా ఎంచుకోగలిగేలా.

"నువ్వు తిట్టిపోయినాక రెండు పగళ్లు కూచుని, తన దగ్గరున్న ఆమె మాత్రలన్నీ తూచినాడు పద్మనాభయ్యా. సామాను సర్దుకోవయ్యా అంటే, ఇది సగంలో వదిలేస్తే ఆమె ప్రాణం మీదికొస్తాదన్నాడు."

పద్మనాభయ్య కావలిలోనూ గూడూరులోనూ కంసాలి వీధులన్నీ తిరిగాడు. ఆచారి జాడ తెలియలేదు.

పొట్లాలు మాత్రం లెక్క తప్పలేదు. మధ్యలో ఒకసారి వణుకొస్తే డాక్టరును అడిగి, ఆచారి ఎక్కువగా కట్టి ఉంచిన పొట్లాలతో రెండు వారాలు ఆగారు. మళ్లీ దిగారు. చివరి కట్ట అయిపోయింది.

నెల్లూరులో డాక్టరు ఇందిరమ్మను చేతులు చాపమన్నాడు. వేళ్లు వణకలేదు.

"ఇంక మందు అక్కర్లేదమ్మా. హాయిగా ఇంటికి పోండి."

ఆమె నవ్వింది. పద్మనాభయ్య రెండు చేతులూ జోడించాడు.

"మీ దయ డాక్టరుగారూ. ఈ త్రాసు ఉపాయం మీకెట్ట తట్టింది?"

"నాకెక్కడ తట్టిందయ్యా! కుంపటి ఆరిన దిగులుతో ఇవే మాత్రలు మరిగి, చేతులు వణికి పట్టకారు పట్టలేక నా దగ్గరికొచ్చి, తన మందును తన త్రాసులోనే తూచి తగ్గించుకున్న మొదటి రోగి ఆ ఓబయ్య ఆచారే."