ఉత్త ఎసరు

"చెల్లె, జర మంచినీళ్లు ఇస్తవా?"

గడప అవతల నిలబడ్డ మనిషిని కనకవ్వ ఎన్నడూ చూడలేదు. నలిగిన ఖద్దరు చొక్కా, దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు. ఎవరో సర్కారు మనిషి అనుకుంది.

చెంబుతో నీళ్లిచ్చింది.

ఆమె మగడు సాంబయ్య పోయి అప్పటికి పదమూడు రోజులు. అది కరువు ఏడాది. నూలు దొరక్క ఆ నేతగాళ్ల గల్లీలో మగ్గాలన్నీ రెండు నెలలుగా ఆగిపోయాయి. సాంబయ్య తన వంతు గంజి పిల్లలకు పోసి, తాను తాగానని రోజూ చెప్పి, ఒకనాడు మగ్గం గుంటలోనే ఒరిగిపోయాడు.

వచ్చిన మనిషి నీళ్లు తాగి లోపలికి చూశాడు. పిల్లలిద్దరూ పట్టపగలే పడుకుని ఉన్నారు. పొయ్యి మీద కుండ మసులుతోంది.

"నీ పెనిమిటి ఎట్ల పోయిండు చెల్లె?"

"జరమొచ్చి."

"మీరు అన్నం తిన్నరా?"

"తిన్నం అయ్యా. గదో, మల్ల ఎసరు పెట్టిన."

కుండలో ఉత్త నీళ్లే ఉన్నాయి. పొగ లేవకపోతే ఇరుగుపొరుగుకు తెలిసిపోతుందని ఆమె రోజూ అలా ఎసరు పెట్టేది. ఆ ఇంట్లో ఇంకా మిగిలింది ఇజ్జత్ ఒక్కటే.

ఆ మనిషి కుండవైపు చాలాసేపు చూశాడు. చెంబు కింద పెట్టి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండానే గల్లీలోకి ప్రేమ్‌సాగర్‌రావు జీపు వచ్చింది. అధికార పార్టీకి ఆ తాలూకాలో ఆయన మాటే మాట.

"కనకవ్వా, నీ ఇజ్జత్ బజార్ల పడ్డది."

"ఏమైంది దొరా?"

"మన ఎమ్మెల్యే జగపతిరావు లేడూ. మా పార్టీల ఉండి మా సర్కార్ మీదనే అసెంబ్లీల లేచిండు. మీ గల్లీల గంజి కేంద్రం పెట్టాల్నట. సాంబయ్య తిండి లేక సచ్చిండని నీ మగని పేరు, నీ పేరు అందరి ముంగట చదివిండు. పట్నమంత నవ్వుతున్నది."

కనకవ్వ ఒళ్లు మండిపోయింది. ఆమె గుర్తు చూసి ఓటేసిందే తప్ప ఆ ఎమ్మెల్యే మొహం ఎరగదు. ఆనాడు నీళ్లు తాగిపోయినవాడే ఈ సంగతి అతని చెవిన వేసి ఉంటాడనుకుంది.

ఆదివారం ప్రేమ్‌సాగర్‌రావు పెట్టించిన బహిరంగసభలో మైకు ఆమె ముందు పెట్టారు.

"మేం మంచిగనే తిన్నం. నా మగడు జరమొచ్చి పోయిండు. ఆకలికి సచ్చిండన్నోడు అబద్ధాలకోరు. వాని నోట్ల మన్ను వడ."

చప్పట్లే చప్పట్లు. మర్నాడు పేపర్లో ఆమె ఫొటో వేశారు.

పార్టీ జగపతిరావును వెళ్లగొట్టింది. తర్వాతి ఎన్నికల్లో సొంతంగా నిలబడితే డిపాజిట్ కూడా దక్కలేదు. కనకవ్వ ఓటు కూడా అతనికి పడలేదు.

గంజి కేంద్రం రాలేదు. తిన్నామని వాళ్లే చెబుతుంటే గంజి ఎందుకన్నారు పైవాళ్లు. ఆ వేసవిలో గల్లీలో ఇంకా ముగ్గురు పోయారు. సర్కారు కాగితాల్లో ముగ్గురివీ జ్వరాలే.

పదమూడేళ్లు గడిచాయి.

వితంతు పింఛను దరఖాస్తు పట్టుకుని కనకవ్వ ప్రేమ్‌సాగర్‌రావు వరండాలో కింద కూర్చుంది. ఆయన కుర్చీలో పేపరు చూస్తున్నాడు.

"జగపతి పోయిండట. కరీంనగర్ల కిరాయి ఇంట్ల," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

కనకవ్వ తలెత్తి పేపర్లో ఫొటో చూసింది. జుట్టు నెరిసింది గానీ మనిషి ఆ మనిషే.

"దొరా, గీ అయ్య మా ఇంటికి వచ్చిండు. మంచినీళ్లు తాగిండు."

"రాడా మరి. అప్పట్ల ఇల్లిల్లు తిరిగిండు."

"నీళ్లు తాగిపోయి నా మగని పేరు గంతమందిల చెప్పిండా?"

ప్రేమ్‌సాగర్‌రావు నవ్వాడు. ఇప్పుడు నిజం చెప్పినా ఆయనకు పోయేదేమీ లేదు.

"పేరు యాడ చెప్పిండే? ఒక ఇంట్ల చూసిన అన్నడు, అంతే. చెప్తే పేపరోళ్లు ఉరికొస్తుండ్రి, మేం మునుగుతుంటిమి. ఎవలింట్లనో చెప్పు, లేకుంటే అబద్ధమని ఒప్పుకో అని మావోళ్లంత లేచి మొత్తుకున్నరు. నోరిప్పలే. గా పేరు దేవులాడి పట్టింది నేను."

కనకవ్వ చేతిలో కాగితం నలిగిపోయింది.

"ఎందుకు చెప్పలే దొరా?"

"నేను గూడ గదే అడిగిన. పిచ్చోడు, ఏమన్నడో ఎరుకేనా?" ప్రేమ్‌సాగర్‌రావు పేపరు మడిచి పక్కన పడేశాడు. "'గా చెల్లె నాతోని తిన్నమని చెప్పింది, ఆమెను అబద్ధాలకోరును చెయ్యలేను, గా మాటేదో నన్నే అననీ' అన్నడు."