జెథ్రో తిట్టిన పడవ

“దీన్ని పడవంటారా? గంజి కాచుకునే కుండకి రెండు కర్రలు గుచ్చారంతే!”

గ్వావ్ రేవులో ఒక కాలు గట్టు మీదా, ఒక కాలు పడవలోనూ పెట్టిన మిస్ యుడోరా అలాగే ఆగిపోయింది. పడవ ముక్కు దగ్గర బోర్లించిన బుట్ట మీద కూర్చుని ముసలాడొకడు చుట్ట కాలుస్తున్నాడు. ఆమె వెనక చర్చి ఆడవాళ్ళంతా మూటాముల్లెలతో బారులు తీరి ఉన్నారు.

“ఎవరమ్మాయ్ ఈయన?”

“జెథ్రో అని, మా కరియాకు దీవివాడే,” అంది సరంగు వెర్లిన్, తాడు సర్దుతూ. “పట్టించుకోకండి మిస్ యుడోరా. దింపితే ఈదుకుంటూ వెనకాలే వస్తాడు.”

గ్వావ్ చర్చి ఆడవాళ్ళు ఏటా వారం పాటు దీవులు చుట్టి వస్తారు. ఎప్పుడూ పెద్ద తెల్ల ఓడ మీదే. ఈసారి కొయ్యపడవ ఎక్కి చూద్దామన్నది యుడోరాయే. సగం ఊరికి అక్షరాలు దిద్దించిన పంతులమ్మ. ఆమె ఔనంటే సంఘమంతా ఔనన్నట్టే. కరియాకులో ఇసుక మీద ఇంకో పడవకి వెన్నుదుంగ పరిచి ఉంది. ఈ ప్రయాణం నచ్చితే దానికి పక్కటెముకలు లేస్తాయి. నచ్చలేదా, ఆ ఊళ్ళో పుట్టిన పడవల్లో ఇదే కడసారిది. ఆ సంగతి వెర్లిన్ దాచలేదు, అలాగని దేబిరించనూ లేదు.

తెరచాప ఎక్కింది. పడవ ముక్కుకి కట్టిన ఎర్రగింజల దండ గాలికి టకటకలాడింది. వెర్లిన్ సరదాపడి కట్టింది కాబోలనుకుంది యుడోరా.

ఆమె ఒళ్ళో మనవరాలి కొడుకు కెల్లన్. బూరెల్లాంటి బుగ్గలు, చేతికి ఎర్రగింజల మురుగు.

“ఒరే తొండమొహం! నీ అంత అనాకారి ఏ దీవిలోనూ లేడురా,” అంటూ వాడి అరికాళ్ళు ముద్దాడింది. తక్కిన ఆడవాళ్ళూ “ఛీ, కోతి! ఛీ, పీత!” అంటూ వాడిని చేతులు మార్చుకున్నారు.

మర్నాడు పొద్దున్నే జెథ్రో పడవ చెక్కకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

“ఏం వినిపిస్తోందో?” అంది యుడోరా.

“పురుగు తొలుస్తోంది టీచరమ్మా. మధ్యాహ్నానికి నీ కుర్చీ కిందకొస్తుంది.”

ఏ రేవులో ఆగినా అదే వరస. యూనియన్ దీవిలో గట్టు మీద జనం చూస్తుంటే, “ఎక్కకండర్రా, మునుగుతుంది!” అని కేకలేశాడు. మేరో దీవి దగ్గర, “మా కాలంలో పడవంటే పడవ! నేనిక్కడ తుమ్మితే అది ట్రినిడాడ్‌లో లంగరు దించేది. దీన్ని చూసి తాబేళ్ళే జాలిపడి దారిస్తున్నాయి,” అన్నాడు.

యుడోరాకి ఒళ్ళు మండింది. మండేకొద్దీ పడవని చూడటం మొదలెట్టింది. మేరో రాళ్ళ మధ్య నుంచి సూదిలోకి దారం ఎక్కించినట్టు పోయింది కదా! సీమపనస, ఉప్పుమాంసం, కొబ్బరిపాలు పోసి కుండెడు కూర ఉడుకుతుంటే చుక్క ఒలకలేదు కదా! ఆ ముక్కలన్నీ ముసలాడికి వినబడేలా అంటూ వచ్చింది. ఆడవాళ్ళు ఆమె వెనక కోరస్.

బెక్వే దీవిలో చేపలమ్మే మనిషి కెల్లన్‌ని చూసి, “అబ్బ, ఎంత ముద్దుగున్నాడో!” అంది.

“నోరు ముయ్యవే తల్లీ, దిష్టి కొడుతుంది!” అని యుడోరా వాడి తలని పైగుడ్డతో కప్పేసింది.

వెనకనుంచి జెథ్రో కిచకిచమని నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో, నీటి అడుగున నిప్పుకొండ ఉన్న చోట సముద్రం తిరగబడింది. పెద్ద తెల్ల ఓడ ఆ రోజు రేవు కదల్లేదు. వెర్లిన్ మాత్రం చుక్కాని రెండు చేతులా పట్టుకుని ముందుకే పోనిచ్చింది. కెరటం కొండలా లేచింది. పడవ దాని వీపెక్కి అవతలికి దిగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. ఆడవాళ్ళు కీర్తన ఎత్తుకున్నారు. జెథ్రో తెరచాప కొయ్యని కావలించుకుని కూర్చున్నాడు, కళ్ళనిండా నీళ్ళు.

“భయమా?” అని అరిచింది యుడోరా.

“చుట్ట పొగ! ఇది విరిగితే పొయ్యిలోకి పనికొస్తుందని పట్టుకున్నా!”

ఆ వర్షంలో చుట్ట ఎప్పుడో ఆరిపోయింది.

గ్వావ్ రేవు కనిపించింది. పడవ అడుగున చూస్తే దోసెడు నీళ్ళు కూడా చేరలేదు.

“మునగలేదా? ఖర్మ!” అన్నాడు జెథ్రో.

యుడోరా ఇక ఆగలేకపోయింది. గట్టు మీద జనమంతా వినేలా గొంతెత్తింది.

“వెర్లిన్! వచ్చే ఏడూ ఇదే, ఆపై ఏడూ ఇదే. వచ్చేవాళ్ళు ఇంకా పెరుగుతారు, ఇందొక్కదాన్లో మేం పట్టం, ఆ రెండోదాన్ని కూడా లేపు. మన దీవుల చేతులు కట్టిన పడవ మీద తిరిగామని మా పిల్లలకి చెప్పుకోవద్దా? విన్నావా ముసలాడా?”

“టీచరమ్మకి చెవుడే అనుకున్నా. చూపు కూడా లేదు పాపం,” అన్నాడు జెథ్రో. ముఖం అటు తిప్పుకుని పడవ ముక్కుకి వేలాడుతున్న దండని అరచేత్తో తుడిచాడు.

“ఈయనతో నాకేంటిలే. దీన్ని కట్టిన మహానుభావుడెవరో చూపించమ్మాయ్, చేతులు కళ్ళకద్దుకుని పోతాను,” అంది యుడోరా, కెల్లన్‌ని చంకనెత్తుకుంటూ.

వెర్లిన్ ఆ పిల్లాడి చేతి మురుగు వంకా, పడవ ముక్కు వంకా చూసి పకపకా నవ్వింది.

“ఇంకెవరమ్మా, వారం నుంచి దానికి దిష్టి తీస్తున్న మా తాతే!”