ఇసుకలో దాచిన కాపురం

శుక్రవారం వచ్చిందంటే చాలు, అచ్చిబాబూ బుల్లెమ్మా తమ కాపురాన్ని ఇసుకలో పాతిపెట్టేసేవారు.

స్టవ్వు, గిన్నెలు, చాప, బట్టల మూట, దేవుడి పటం అన్నీ ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, దిబ్బ అవతల తవ్వుకున్న గోతిలో పెట్టి ఇసుక కప్పేవారు. తర్వాత ఆ దిబ్బ చాటునే బోర్లా పడుకుని, వారానికోసారి వచ్చే ఆ మనిషి తిరిగి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టి చూసేవారు. బిగబట్టింది అచ్చిబాబు ఒక్కడే. బుల్లెమ్మ ఆ సేపంతా గొణుగుతూనే ఉండేది.

వాళ్లు కాపురముంటున్న క్యారవాన్, అదే చక్రాల మీది రేకుల గది, వాళ్లది కాదు మరి. చలికాలంలో బహ్రెయిన్ ఎడారిలో డేరాలు వేసుకునే అరబ్బులెవరో తెచ్చి నిలబెట్టారు. తొంభై నాలుగులో డేరాలెత్తేసినప్పుడు ఎందుకో దీన్ని మాత్రం వదిలేసి పోయారు. టైర్లు సగందాకా కూరుకుపోయాయి. కరెంటు లేదు, కుళాయి లేదు, పక్కిల్లు లేదు. సనాబిస్‌లో ఒక ఇంట్లో పనిచేస్తూ, మేడమ్ కొట్టే దెబ్బలకి తాళలేక బుల్లెమ్మ పారిపోయి వస్తే, ఆమెని ఎక్కడ దాచాలో తెలియక అచ్చిబాబు తెచ్చి పెట్టింది ఇందులోనే. తనూ మీనా సల్మాన్ రేవులో గోడౌన్ పని వదిలేసి, ఇక్కడికి రెండు మైళ్ల అవతల గొర్రెల కొట్టంలో కూలికి కుదిరాడు.

కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చిన యజమానిని, వదిలి పారిపోయారు కాబట్టి దొరికితే ఇద్దరికీ జైలు, ఆ తర్వాత ఇంటికి విమానం. అసలు బెంగ అది కూడా కాదు. బహ్రెయిన్ వచ్చిన దగ్గర్నుంచీ అతను కూలీల క్యాంపులో, ఆమె ఎవరి వంటింట్లోనో. ఒకే దీవిలో ఉండి కూడా ఒకరి మొహం ఒకరు మర్చిపోయే పరిస్థితి. మొగుడూ పెళ్లాల్లా కలిసి అన్నం తింటున్నది ఈ రేకుల డబ్బాలోకి వచ్చాకే. అందుకే బుల్లెమ్మకి అది మేడ. అచ్చిబాబు భుజాన మోసుకొచ్చే నీళ్లు తాగడానికీ వంటకీ సరిపోయేవి, గిన్నెలు ఇసుకతోనే తోమేది. కిటికీకి తడిపిన గోనెసంచి కట్టేది. కప్పు మీద చేపలు ఎండబెట్టేది, అక్కడ ఎండకేం కరువు! పొద్దున్నే గుమ్మం ముందు ఇసుకలో వేలితో ముగ్గు గీసేది.

ఆ శుక్రవారం మనిషే ఓనరని చూడగానే తేల్చినవాడు అచ్చిబాబు. తెల్లటి పొడుగు తోబు, తలకి రుమాలు, కింద పికప్పు. గల్ఫ్‌లో ఇన్నేళ్లు చేసినవాడికి ఆ మాత్రం తెలీదా? తోబు వేసుకున్నవాడు కఫీలు, ప్యాంటు వేసుకున్నవాడు కూలి. అక్కడికి లోకం సరి.

ఆయన పికప్పుని రోడ్డుకి కనబడకుండా క్యారవాన్ వెనకాల ఆపేవాడు. ఎండ తగలకుండా కాబోలు. తలుపుకి చుట్టిన ఇనప తీగ విప్పుకుని లోపలికి పోయేవాడు. సాయంత్రందాకా గుర్రుపెట్టి నిద్రపోయి, మళ్లీ తీగ చుట్టేసి వెళ్లిపోయేవాడు.

"అంత డబ్బున్నోడు తాళంకప్ప కొనుక్కోలేడేటి మావా?" అంది ఒకసారి బుల్లెమ్మ.

"డబ్బున్నోళ్లకి తాళాలెందుకే? పోతే ఇంకోటి కొనుక్కుంటారు. తాళాలన్నీ మనలాంటోళ్లకే."

"సచ్చినోడు, నా ఇంట్లో నిద్రోతన్నాడు."

"ఆరు రోజులు మనది, ఒక్క రోజు ఆయనది. ఇంకా ఏడుత్తావేటే?"

ఒక శుక్రవారం కొంప మునిగింది. బుల్లెమ్మ అలవాటు కొద్దీ ముగ్గు గీసి, చెరపడం మర్చిపోయింది. ఆయన గుమ్మం దాకా వచ్చి టక్కున ఆగిపోయాడు. ముగ్గుని చాలాసేపు చూశాడు. నాలుగు దిక్కులా చూశాడు. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి లోపలికి వెళ్లాడు గానీ, ఆ రోజు గురక వినబడలేదు. అరగంటలో పికప్పు ఎక్కి వెళ్లిపోయాడు.

"అయిపోయిందే! పై వారం పోలీసుల్ని ఎంటేసుకొత్తాడు," అన్నాడు అచ్చిబాబు.

"ఎల్లిపోదామా మావా?"

"ఎక్కడికే?"

బుల్లెమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "సత్తే ఇక్కడే సత్తాను గానీ, మళ్లీ ఆ మేడమ్ కాడికి మాత్రం ఎల్లను," అంది.

మళ్లీ శుక్రవారం తెల్లారేసరికి గాలిదుమారం మొదలైంది. గొయ్యి తవ్వితే తవ్వినట్టే పూడిపోతోంది. పాతిపెట్టడానికి వీల్లేదు, పారిపోదామంటే పది అడుగుల అవతల ఏముందో కనబడదు. ఈ గాలిలో ఎవడొస్తాడులే అని ధైర్యం తెచ్చుకుని, ఇద్దరూ తలుపేసుకుని ఎండుచేపల పులుసుతో అన్నానికి కూర్చున్నారు.

గాలి హోరులో పికప్పు చప్పుడు వినబడలేదు. తలుపు భళ్లున తెరుచుకుంది.

గుమ్మంలో ఆయనే, ఒంటినిండా ఇసుకతో. స్టవ్వుని చూశాడు, చాపని చూశాడు, గోడ మీది దేవుడి పటాన్ని చూశాడు. బుల్లెమ్మ మొగుడి వెనక నక్కింది. అచ్చిబాబు పులుసు చేత్తోనే దణ్ణం పెడుతూ, "సార్... తప్పయిపోయింది..." అని తెలుగులోనే మొదలెట్టాడు.

ఆయన గబగబా చెయ్యెత్తి ఆపమన్నాడు. మొహం పాలిపోయి ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, వెనక్కి తిరిగి ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకుని, వచ్చీరాని హిందీలో బతిమాలుకున్నాడు.

"వాచ్‌మన్‌ని పెట్టారని నాకు తెలీదు భాయ్! ఇంట్లో పిల్లల గోల పడలేక, ఎవరిదో పాడుబడ్డ బండి కదా అని దొంగచాటుగా వచ్చి పడుకుంటున్నాను, మీ కఫీల్‌కి మాత్రం చెప్పకు!"